ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇటలీ

ఏ గైడు పుస్తకంలోనైనా రెండు పుస్తకాలు కలిసి ఉంటాయి. టికెట్ ఎంత, తలుపు ఎన్నింటికి తీస్తారు, ఏ బస్సెక్కాలి అని చెప్పేది ఒకటి. తలుపు దాటాక ఎక్కడ నిలబడాలి, ఏం చూడాలి, చూసినదాన్ని ఎలా అర్థం చేసుకోవాలి అని చెప్పేది రెండోది. మొదటిది ఏడాది రెండేళ్లకే పాతబడుతుంది. రెండోది బాగా రాసి ఉంటే వందేళ్లకూ పనికొస్తుంది. ఈ తేడాను నాకు నేర్పింది ఆబిడ్స్‌లో ఆదివారం పూట పరిచే పాత పుస్తకాల బజారు.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆర్మీనియన్ ఆల్బర్ట్ ఆబిడ్ ఇక్కడ దుకాణం పెట్టాడు. ఆయన పేరే ఈ చోటికి నిలిచిపోయింది. 1907లో నాంపల్లి స్టేషన్ కట్టాక రైలు దిగినవాళ్లకు ఇది నడిచి వెళ్లే దూరమైంది. వారమంతా బట్టలు, చెప్పులు అమ్మే షాపులకు ఆదివారం షట్టర్లు దించేస్తారు. ఆ షట్టర్ల ముందు, జనరల్ పోస్టాఫీసు చుట్టుపక్కల, పట్టాలు పరిచి పుస్తకాలు కుప్పలు పోస్తారు. నేను కాలేజీ లైబ్రేరియన్‌గా పనిచేసిన రోజుల్లో కొత్త ఇంగ్లీషు పుస్తకానికి ఏ.ఏ. హుసేన్ షాపుకి, తెలుగు పుస్తకానికి బ్యాంక్ స్ట్రీట్‌లోని విశాలాంధ్రకి వెళ్లేదాన్ని. మిగతా చదువంతా నాకు ఈ ఫుట్‌పాతే పెట్టింది.

చెల్లెలూ నేనూ ఇటలీ వెళ్దామనుకున్నాక ఆ కుప్పల్లో ప్రయాణాల పుస్తకాలు వెతకడం మొదలుపెట్టాను. ఖాళీ చేసిన ఇళ్ల అల్మారాల నుంచి, కబాడీ దుకాణాల నుంచి అవి అక్కడికి చేరుతాయి. "పాత గైడు ఎందుకమ్మా, రేట్లన్నీ మారిపోయుంటాయి" అన్నాడు అమ్మే అబ్బాయి. నేను వెతుకుతున్నది రేట్లు మారిపోయిన పుస్తకమే. అప్పుడే అందులో ఇంకా ఏం మిగిలిందో తేటగా కనిపిస్తుంది.

ఒకదాంట్లో ధరలన్నీ లీరాల్లో ఉన్నాయి. 2002 నుంచి ఇటలీలో చేతులు మారుతున్నవి యూరోలు. రోమ్‌లోని పాంథియన్‌కి ప్రవేశం ఉచితమని ఉంది. 2023 జులై నుంచి దానికి టికెట్ పెట్టారు. అదే పేజీలో, ఆ గుడి లోపలి గుమ్మటం వ్యాసమూ, నేల నుంచి దాని నడినెత్తి దాకా ఎత్తూ ఒకటేననీ, రెండూ సుమారు 43 మీటర్లేననీ రాసి ఉంది. పైకి వెళ్లేకొద్దీ కాంక్రీటులో తేలికపాటి రాయి కలిపారని, నడిమి రంధ్రంలోంచి పడే వెలుగు గోడల మీద పొద్దుతోపాటు జరుగుతుందని కూడా ఉంది. బీజాపూర్ గోల్ గుంబజ్ కింద నిలబడి తలెత్తి చూసిన దక్కనీ మనిషికి ఈ నాలుగు వాక్యాలు చాలు. లీరాలు పోయినా అవి పోలేదు.

గైడు పుస్తకం ఇప్పటి రూపానికి రావడం పంతొమ్మిదో శతాబ్దంలో జరిగింది. లండన్‌లో జాన్ మరే సంస్థ 1836లో తొలి హ్యాండ్‌బుక్ వేసింది. 1842, 1843లలో ఉత్తర ఇటలీకి, మధ్య ఇటలీకి పుస్తకాలు తెచ్చింది. అదే కాలంలో మన భాషలోనూ దారిని రాసుకుంటూ వెళ్లినవాడున్నాడు. మద్రాసు సుప్రీంకోర్టు ఉద్యోగి ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దారిలో మన హైదరాబాదులోనూ దిగాడు. ఏ మజిలీలో నీళ్లున్నాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఏ బాట మంచిది, ఊళ్లో మనుషులు ఎలా ఉన్నారు, అన్నీ మిత్రుడు శ్రీనివాస పిళ్లెకి రాశాడు. ఆయన పోయాక ఆ పిళ్లెగారే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చు వేయించారు. మరే తొలి హ్యాండ్‌బుక్‌కీ దీనికీ మధ్య రెండేళ్లే. వీరాస్వామయ్య చెప్పిన మజిలీలు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. కానీ కొత్త ఊరికి పోయినవాడు ఏమేం గమనించాలో ఆయన దగ్గర ఇప్పటికీ నేర్చుకోవచ్చు. రెండో రకం పుస్తకం ఎలా ఉండాలో నాకు తెలిసింది ఆయన వల్లే.

మరే తర్వాత రాజ్యమేలింది జర్మన్ బేడెకర్. ఎర్రట్ట, సన్నని కాగితం, మడత పటాలు. ముఖ్యమైన వాటి పక్కన నక్షత్రం గుర్తు. ఏది చూడాలో చెప్పడం దాంతో తేలికైంది కానీ, చాలామంది నక్షత్రం ఉన్నచోట ఆగి, లేనిచోట దాటిపోవడం అలవాటు చేసుకున్నారు. ఇ.ఎం. ఫార్‌స్టర్ 1908లో రాసిన 'ఎ రూమ్ విత్ ఎ వ్యూ'లో ఫ్లారెన్స్ నగరపు శాంతా క్రోచే చర్చిలో కథానాయిక బేడెకర్ చేతిలో లేకుండా నిలబడాల్సి వస్తుంది. ఏది మెచ్చుకోవాలో తోచక మొదట దిగులుపడి, తర్వాత తన కళ్లతో చూడటం మొదలుపెడుతుంది. ఆ ఫార్‌స్టర్‌కి ఆప్తమిత్రుడు రాస్ మసూద్. నిజాం ప్రభుత్వంలో విద్యాశాఖ డైరెక్టరుగా మన ఊళ్లోనే పనిచేశాడు. 1921లో దేవాస్ సంస్థానంలో పని ముగించుకుని ఫార్‌స్టర్ ఇక్కడికొచ్చి ఆయన దగ్గర ఉన్నాడు. 'ఎ పాసేజ్ టు ఇండియా' అంకితమిచ్చింది ఈ మసూద్‌కే.

శాంతా క్రోచే పేరు వచ్చింది కాబట్టి గైడు పుస్తకానికి నేను పెట్టే పరీక్ష చెబుతాను. అక్కడ జొట్టో చిత్రించిన రెండు గదులు పక్కపక్కనే ఉన్నాయి. బార్ది గదిలో చాలావరకు తడి సున్నపు పూత మీద రంగు వేశాడు. పూత ఆరేటప్పుడు రంగును తనలో కలిపేసుకుంటుంది. పెరూజ్జి గదిలో ఎక్కువగా ఆరిన పూత మీద వేశాడు. అందుకే అక్కడి బొమ్మలు ఎక్కువగా రాలిపోయాయి. ఈ సంగతి చెప్పని పుస్తకం పట్టుకెళితే ఒకటి బాగుంది, ఇంకొకటి వెలిసిపోయింది అనుకుని వచ్చేస్తాం.

మనకు ఇది తెలియాల్సిన అవసరం మరీ ఉంది. నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియానికి వెళ్లి అజంతా చిత్రాల నకళ్లు చూడండి. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేది. అక్కడ రంగు వేసింది ఆరిన పూత మీదే. గులాం యజ్దానీ పురావస్తు శాఖ చూస్తున్న రోజుల్లో, 1920 ప్రాంతంలో, ఆ పెళుసుబారిన బొమ్మల్ని నిలబెట్టడానికి నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి లొరెంజో చెక్కోనీ, ఓర్సినీ అనే ఇద్దరు నిపుణుల్ని పిలిపించింది. ఊడిపోతున్న పూతను వాళ్లు అతికి నిలబెట్టారు. పైన పూసిన లక్క వార్నిష్ మాత్రం కాలక్రమంలో పసుపు తిరిగి నల్లబడింది. తర్వాతి తరం నిపుణులు దాన్ని ఓపిగ్గా తీయాల్సి వచ్చింది. ఇటలీ చర్చి గోడల ముందు నిలబడే హైదరాబాదీ మనసులో ఈ కథ ఉండాలి.

మన ఊరికీ ఇటలీకీ ఉన్న చుట్టరికం అదొక్కటే కాదు. మొదటి సాలార్‌జంగ్ 1876లో యూరప్ వెళ్లినప్పుడు రోమ్‌లో జొవన్నీ మరియా బెంజోనీ చెక్కిన 'ముసుగు రెబెక్కా'ను కొన్నాడు. చెక్కింది పాలరాతిలోనే అయినా ముఖం మీది ముసుగు పల్చని బట్టలా కనిపిస్తుంది. చిన్నప్పుడు దారుల్‌షిఫా మ్యూజియంలో దాని ముందు నిలబడని హైదరాబాదీ అరుదు. ఇంకా వెనక్కి వెళితే, సంగారెడ్డి దగ్గర కొండాపూర్ తవ్వకాల్లో రోమన్ నాణేలు దొరికాయి. అంటే రోమ్ మనకు కొత్త చుట్టం కాదు.

అందుకే పుస్తకం ఎంచుకునేటప్పుడు నేను ముందు ఇటలీ పేజీలు తెరవను. అదే ప్రచురణకర్త వేసిన ఇండియా గైడు తీసి హైదరాబాద్ పేజీ చూస్తాను. మనకు బాగా తెలిసిన ఊరి గురించి సరిగ్గా రాసినవాళ్లను తెలియని ఊరి విషయంలో నమ్మొచ్చు. చార్మినార్, బిర్యానీ, ముత్యాలు అని మూడు ముక్కలతో సరిపెట్టారా? కుతుబ్‌షాహీ సమాధుల సున్నపు పని గురించి ఒక్క వాక్యమైనా ఉందా? లోన్లీ ప్లానెట్ తొలి ఇండియా పుస్తకం 1981లో వచ్చింది. పాత సంచికలు ఆబిడ్స్ కుప్పల్లో దొరుకుతూనే ఉంటాయి. బస, బస్సు, భోజనం చెప్పడంలో వాళ్లది గట్టి చేయి. 1993లో మొదలైన ఐవిట్‌నెస్ గైడ్లు కట్టడాన్ని కోసినట్టు బొమ్మగీసి లోపలి అమరిక చూపిస్తాయి. తొలిసారి వెళ్లేవారికి, పిల్లలతో వెళ్లేవారికి అవి హాయి. 1918లో మొదలైన బ్లూ గైడ్ వరుసలో ఏ గోడ మీద ఎవరి పని, ఏ కాలపుది అని ఓపిగ్గా ఉంటుంది. అందులో వేగంగా చదివే పేజీలు తక్కువ.

నేను తీసుకున్నది పాత బ్లూ గైడే. మ్యూజియం వేళలు, టికెట్లు, మిలాన్‌లోని లియొనార్డో 'ఆఖరి భోజనం' చూడటానికి ముందే చేసుకోవాల్సిన బుకింగ్, ఇవన్నీ ఆయా సంస్థల సైట్లలో ఏ రోజుకారోజు చూసుకుంటే సరిపోతుంది. వాటికోసం కాగితం పుస్తకం కొనే కాలం పోయింది. చూపు నేర్పే పుస్తకం అవసరం మాత్రం పోలేదు. ఇప్పుడు తెలుగువాళ్లు గుంపులుగా, ప్యాకేజీ టూర్లలో, అయిదు రోజుల్లో అయిదు ఊళ్లు తిరిగొస్తున్నారు కాబట్టి అది ఇంకా పెరిగింది.

అలాంటి పుస్తకాన్ని తెలుగులో ఎవరైనా శ్రద్ధగా రాయాలని నా కోరిక. వీరాస్వామయ్యలా మజిలీ మజిలీకీ ఆగి రాయాలి. ఆ పుస్తకం రోమ్ విమానాశ్రయంతో మొదలవకూడదు. మొదటి అధ్యాయం కొండాపూర్ నాణేలది కావాలి, రెండోది బెంజోనీ రెబెక్కాది, మూడోది నాంపల్లిలోని అజంతా నకళ్లది. ఆ మూడూ చదివి, ఆదివారం పూట ఊళ్లోనే తిరిగి చూసి, ఆ తర్వాత వీసాకి దరఖాస్తు పెట్టుకున్న మనిషికి ఇటలీలో నక్షత్రం గుర్తుల అవసరం ఉండదు.