బాయి గేటు దగ్గరి రాజకీయం

డిసెంబరు 23 వస్తే గోదావరిఖనిలో సింగరేణి డే సందడి మొదలవుతుంది. 1920లో ఆ తేదీనే కంపెనీకి సింగరేణి కాలరీస్ అన్న పేరు స్థిరపడింది. వేదిక మీద ఉత్పత్తి లెక్కలు, లాభాల లెక్కలు చదువుతారు. ఆ బొగ్గు తీసినవాళ్లు ప్రభుత్వాలు తమ మాట వినేలా ఎలా చేసుకున్నారన్నది కూడా ఆ రోజు చెప్పుకోవలసిన చరిత్రే. పదవి కోసం పోటీ చేయకుండా పదవిలో ఉన్నవాళ్లను కదిలించేవాటిని పాఠ్యపుస్తకాలు ప్రభావ వర్గాలంటాయి. బొగ్గు బెల్టులో వాటి పని చూడాలంటే ఫస్ట్ షిఫ్టు వేళ బొగ్గు బాయి గేటు దగ్గర నిలబడితే చాలు.

1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు జాడ దొరికింది. 1945లో నిజాం సర్కారు కంపెనీని చేజిక్కించుకుంది. ఈ రెంటి మధ్య కాలంలో తట్ట మోసినవాళ్ల గొంతు కాగితాల్లో దాదాపు వినిపించదు. 1940లలో కమ్యూనిస్టు నాయకులు మఖ్దూం మొహియుద్దీన్, రాజ్‌బహదూర్ గౌర్‌ల దన్నుతో, దేవూరి శేషగిరి లాంటివారి చేతుల మీదుగా సంఘం నిలబడింది. కొత్తగూడెంలో సీపీఐ అనుబంధ ఏఐటీయూసీ కార్యాలయం ఇప్పటికీ శేషగిరి భవనమే. తర్వాత రామగుండం వైపు బాయిలు తెరుచుకున్నాయి, ఊళ్లకు ఊళ్లు కదిలి వచ్చాయి. ఒక్క రోజు సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోసే చట్టం మీద 1981లో 56 రోజుల సమ్మె నడిచింది. సింగరేణి కార్మిక సమాఖ్య (సికాస) పుట్టింది ఆ వేడిలోనే. 1990ల మొదట్లో ఏటా వందల సమ్మెలు జరిగేవి, కంపెనీ ఖాయిలా అంచుకు చేరింది. చివరికి 1998లో రహస్య ఓటుతో గుర్తింపు సంఘం ఎన్నికలు వచ్చాయి. యాజమాన్యంతో ఎవరు మాట్లాడాలో కార్మికుడే తేల్చే పద్ధతి అది.

ఇదంతా ఒక ఎత్తు, 2011 ఒక ఎత్తు.

సెప్టెంబరు 13న ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఉపాధ్యాయులు, ఆర్టీసీ, ప్రభుత్వ ఉద్యోగులు అందరూ దిగారు కానీ హైదరాబాద్‌కూ ఢిల్లీకీ ముందుగా సెగ తగిలింది బొగ్గు బాయిల నుంచే. రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల కేంద్రం. దాని బంకర్లు నిండేది పక్కనున్న సింగరేణి బొగ్గుతోనే. బాయిలు ఆగాయి, నిల్వలు తరిగాయి, నగరంలో కరెంటు కోతలు పెరిగాయి. శాసనసభలో ఎన్ని తీర్మానాలు అడిగినా రాని కదలిక అప్పుడు వచ్చింది. పోలీసు బందోబస్తు పెట్టి ఓపెన్‌కాస్టుల్లో బొగ్గు తీయించాలని చూశారు. కార్మికులు మాత్రం మస్టర్ (హాజరు) పడకపోయినా చలించలేదు.

ఆ ఏడాది దసరా అక్టోబరు 6న వచ్చింది. బొగ్గు బెల్టులో దసరా అంటే ఏమిటో అక్కడ పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. లాభాల వాటా, కొత్త బట్టలు, అత్తవారింటి నుంచి వచ్చిన ఆడబిడ్డలు, ఇల్లంతా చుట్టాలు. అలాంటి పండుగ జీతం లేకుండా గడిచింది. రోడ్ల మీద వంటావార్పూ నడిచింది, బతుకమ్మా ఆడారు. వీళ్లు అడిగింది వేజ్‌బోర్డు కాదు, బోనస్ కాదు, ఒక రాష్ట్రం. ప్రభావ వర్గం తన సభ్యుల లాభమే చూసుకుంటుందన్న మాట నేను పూర్తిగా నమ్మకపోవడానికి ఆ 35 రోజులే కారణం. అక్టోబరు 17న సమ్మె ఆపారు. రాష్ట్రం అప్పటికి రాలేదు. అయినా వాళ్లు ఓడిపోయారని నేననుకోను.

2012లో తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం గుర్తింపు సంఘమైంది. ఉద్యమానికి కార్మికుడు ఇచ్చిన ఓటు అది. 2014 తర్వాత చిక్కు వచ్చింది. సంఘానికి దన్నుగా ఉన్న టీఆర్ఎస్ పార్టీయే ప్రభుత్వమైంది. ఇక అడగాల్సిన చోట సంఘం ఎంత గట్టిగా అడగగలదు? వారసత్వ ఉద్యోగాల హామీ కోర్టులో నిలవలేదు, మెడికల్ ఇన్వాలిడేషన్ (అనారోగ్యంతో పనికి అనర్హత) మీద కారుణ్య నియామకాల దగ్గర ఆగింది. 2017లో అదే సంఘం మళ్లీ గెలిచింది, 2023లో ఒక్క ఏరియా కూడా దక్కించుకోలేకపోయింది.

ఆ 2023 డిసెంబరు 27 ఎన్నిక విచిత్రమైనది. అంతకు ముందు నెలలోపే కాంగ్రెస్, సీపీఐ పొత్తు పెట్టుకుని శాసనసభ ఎన్నికల్లో గెలిచాయి. బాయిల మీద మాత్రం వాటి అనుబంధ సంఘాలు ఐఎన్టీయూసీ, ఏఐటీయూసీ ఎదురెదురు నిలిచాయి. ఓటర్లు 40 వేలకు కాస్త తక్కువ, ఓటేసినవాళ్లు 94 శాతం. ఐఎన్టీయూసీ ఆరు ఏరియాల్లో, ఏఐటీయూసీ ఐదింట్లో గెలిచినా, మొత్తం ఓట్లలో ముందున్న ఏఐటీయూసీకే గుర్తింపు దక్కింది. రామగుండం మూడు ఏరియాల్లో కూడా రెండు ఒకరికి, ఒకటి మరొకరికి దక్కాయి.

ఒకప్పుడు లక్షకు పైగా ఉన్న పర్మినెంటు కార్మికులు ఇప్పుడు 40 వేల లోపు. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసేది, డంపర్లు నడిపేది ఎక్కువగా కాంట్రాక్టు కార్మికులే. 2022 సెప్టెంబరులో వాళ్లు 18 రోజులు సమ్మె చేశారు. 2024లో మొదటిసారి లాభాల్లోంచి తలా 5 వేల రూపాయలు అందుకున్నారు. గుర్తింపు ఎన్నికల్లో మాత్రం వాళ్లకు ఓటు లేదు. అదే దుమ్ము పీలుస్తూ అదే బొగ్గు తీసేవాళ్లను బయట నిలబెట్టి, లోపలున్నవాళ్లు ఎంతకాలం బలంగా మాట్లాడగలరు? వచ్చే ఎన్నికల ఓటరు జాబితా రాసేలోపు అన్ని సంఘాలూ కూర్చుని ఈ విషయం తేల్చాలి.