అంతర్యుద్ధ కాలములో ఒక న్యాయమూర్తి: వారిస్టన్ ప్రభువు ఆర్చిబాల్డ్ జాన్‌స్టన్ (1611–1663)

మన వేదాంత కళాశాలల్లో సంఘచరిత్ర చదివేటప్పుడు జాన్ నాక్స్‌తో స్కాట్లాండు ప్రస్తావన దాదాపు ముగిసిపోతుంది. గోదావరి డెల్టాకు సువార్త వచ్చిన మార్గము కూడ అది కాదు. నర్సాపురము వైపు బ్రదరన్ మిషనరీలు, రాజమండ్రిలో లూథరన్లు, కాకినాడలో కెనడా బాప్టిస్టులు పనిచేశారు. అయినను నాక్స్ తరువాతి శతాబ్దములో జీవించిన ఒక స్కాట్లాండు న్యాయమూర్తి చరిత్ర మన పాస్టర్లకు, వేదాంత విద్యార్థులకు అవసరమని మేము భావిస్తున్నాము. ప్రమాణము, అధికారము, మనస్సాక్షి అనే మూడు విషయాలు ఆయన జీవితములో ఒకదానినొకటి ఢీకొన్నాయి.

1. బాల్యము, విద్య

ఆర్చిబాల్డ్ జాన్‌స్టన్ 1611లో ఎడిన్‌బరోలో ఒక వర్తక కుటుంబములో జన్మించాడు. తల్లి తండ్రియైన థామస్ క్రెయిగ్ పేరుపొందిన న్యాయశాస్త్రవేత్త. ఆర్చిబాల్డ్ గ్లాస్గోలో చదివి, 1633లో న్యాయవాది అయ్యాడు. అదే సంవత్సరము, పెండ్లియై ఏడాది తిరగకముందే భార్య జీన్ స్టూవర్టు మరణించింది. ఆ దుఃఖములో ఆయన రాసుకున్న డైరీ నేటికీ లభిస్తుంది. గంటల తరబడి ప్రార్థన, కన్నీళ్ళు, తన పాపములను గూర్చిన విచారణ అందులో కనబడతాయి. ప్రతి సంఘటనలోను దేవుని ఆజ్ఞ ఏమిటని వెదకే అలవాటు ఆయనకు అప్పుడే బలపడింది. ఆయన బలము అదే, బలహీనత కూడ అదే.

2. నిబంధన

చార్లెస్ రాజు స్కాట్లాండు సంఘముపై కొత్త ప్రార్థనా గ్రంథమును రుద్దగా, 1637 జూలై 23న సెయింట్ జైల్స్ ఆలయములో అల్లరి చెలరేగింది. ప్రజల నిరసనకు చట్టబద్ధమైన రూపము ఇవ్వవలసి వచ్చినప్పుడు నాయకులు ఇరవై ఆరేండ్ల జాన్‌స్టన్‌ను పిలిచారు. ఆయన, అలెగ్జాండర్ హెండర్సన్ అనే బోధకుడు కలిసి జాతీయ నిబంధనను రచించారు. 1581 నాటి విశ్వాస ప్రమాణమును, దానికి ఆధారమైన పార్లమెంటు చట్టాలను అందులో వరుసగా పొందుపరచారు. 1638 ఫిబ్రవరి 28న ఎడిన్‌బరోలోని గ్రేఫ్రయర్స్ ఆలయములో సంతకాలు మొదలయ్యాయి. జాన్‌స్టన్ దృష్టిలో అది దేశమునకు దేవునితో జరిగిన వివాహము. నెహెమ్యా 9, 10 అధ్యాయాలు చదివినవారికి ఆ భావము కొత్త కాదు.

అదే సంవత్సరము నవంబరులో గ్లాస్గోలో సమావేశమైన సర్వసభకు ఆయన క్లర్కుగా ఎన్నికై, పోయాయనుకున్న పాత రిజిస్టర్లను సభ ముందుంచాడు. ఆ సభ బిషప్పుల పరిపాలనను రద్దు చేసింది. మినిట్స్ పుస్తకమును, బాప్తిస్మపు రిజిస్టరును నిర్లక్ష్యము చేసే మన సంఘాలకు ఇదొక చిన్న పాఠము.

3. న్యాయపీఠము, యుద్ధము

ఆయనను శత్రువుగా చూచిన రాజే 1641లో ఆయనకు సర్ బిరుదు ఇచ్చి, సెషన్ కోర్టు న్యాయమూర్తిగా నియమించాడు. మన జిల్లా సెషన్స్ కోర్టుతో దీనిని పోల్చరాదు. అది ఆ దేశపు అత్యున్నత సివిల్ న్యాయస్థానము. అప్పటినుండి ఆయన వారిస్టన్ ప్రభువు. 1643 తరువాత స్కాట్లాండు ప్రతినిధులలో ఒకడుగా వెస్ట్‌మినిస్టర్ సభలో కూర్చున్నాడు. వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణము ఆ సభలోనే రూపొందింది. 1646లో రాజ్యపు ప్రధాన న్యాయవాది అయ్యాడు.

పరీక్ష విజయములో వచ్చింది. 1649 జనవరిలో ఒక చట్టము చేయబడింది. రాజుతో రాజీపడినవారిని అపరాధ తీవ్రతను బట్టి తరగతులుగా విభజించి, పదవులనుండి తొలగించుట దాని ఉద్దేశము. వారిస్టన్ దానికి ముఖ్య ప్రోత్సాహకుడు. 1650లో క్రామ్‌వెల్ సైన్యము మీదికి వచ్చినప్పుడు కూడ, నిబంధనకు తగనివారని వేలాది అనుభవజ్ఞులైన సైనికులను, అధికారులను స్కాట్లాండు సైన్యమునుండి పంపివేశారు. గిద్యోను సైన్యమును తగ్గించిన వృత్తాంతము మనకు గుర్తుకు వస్తుంది. అయితే అక్కడ తగ్గించుమన్నది దేవుడు; ఇక్కడ తగ్గించినది కమిటీ. సెప్టెంబరు 3న డన్‌బార్ వద్ద స్కాట్లాండు సైన్యము ఘోరముగా ఓడిపోయింది. మూడు వేలమంది చనిపోయారని, పది వేలమంది పట్టుబడ్డారని క్రామ్‌వెల్ ప్రకటించాడు.

ఓటమి తరువాత సంఘము రెండుగా చీలింది. తొలగించినవారిని తిరిగి చేర్చుకొందామన్నది అధిక సంఖ్యాకుల తీర్మానము. కూడదని నిరసించిన అల్పసంఖ్యాకులకు వారిస్టన్ ఒక నాయకుడు. ఒకే నిబంధనపై సంతకము చేసినవారు ఒకరి సభను ఒకరు గుర్తించలేదు.

4. పతనము, మరణము

క్రామ్‌వెల్ పాలనలో పదవి తీసుకొనుట తప్పని వారిస్టన్ చాలాకాలము వాదించాడు. కాని అప్పులు పెరిగాయి; పెద్ద కుటుంబము. 1657లో దస్తావేజుల అధిపతి పదవిని, న్యాయాధికారమును క్రామ్‌వెల్ చేతినుండి స్వీకరించాడు. ఇతరులు రాజీపడితే తరగతులుగా విభజించిన చేతులే ఇప్పుడు రాజీపడ్డాయి.

1660లో రెండవ చార్లెస్ తిరిగి వచ్చాడు. వారిస్టన్ యూరపుకు పారిపోగా, 1661లో పరోక్షముగా మరణశిక్ష పడింది. ఫ్రాన్సులోని రూయెన్‌లో పట్టుబడి 1663లో ఎడిన్‌బరోకు తేబడినప్పుడు ఆయన జ్ఞాపకశక్తి దెబ్బతిని, స్వంత బిడ్డలను కూడ గుర్తించలేని స్థితిలో ఉన్నాడు. ఆనాడు స్కాట్లాండు వ్యవహారాలను నడిపిన లాడర్‌డేల్ ప్రభువు ఒకప్పుడు వెస్ట్‌మినిస్టర్‌లో ఆయన తోటి ప్రతినిధియే. జూలై 22న ఉరికంబము వద్ద ఆయన కాగితము చూచి తన మాటలు చదివాడు. కుటుంబ భారమునకు లొంగి ఆక్రమణదారుల పదవి తీసుకున్నానని బహిరంగముగా ఒప్పుకున్నాడు. నిబంధనను మాత్రము విడిచిపెట్టలేదు.

5. మన సంఘాలకు

ఆయనను పరిశుద్ధునిగానో మూర్ఖునిగానో తీర్పు తీర్చుట మా ఉద్దేశము కాదు. మొదటిది, ప్రమాణము విలువైనది. నష్టము కలిగినను మాట తప్పనివానిని 15వ కీర్తన మెచ్చుకుంటుంది. రెండవది, సంఘమును శుద్ధిచేయు ఆతురతను గూర్చి మత్తయి 13లోని గురుగుల ఉపమానము హెచ్చరిస్తుంది. ఒక సంఘము రెండు కమిటీలుగా చీలి, తాళముచెవి కోసము కోర్టు మెట్లెక్కుట మన డెల్టాలో కొత్త కాదు. ఇరుపక్షాలు సత్యము కొరకే అంటాయి. డన్‌బార్‌కు ముందు వారిస్టన్ కూడ అదే అన్నాడు. మూడవది, జీతము చాలని సేవకుని అప్పులు ఆయన మనస్సాక్షిపై పనిచేస్తాయి. ఈ బాధ్యత పాస్టరుది మాత్రమే కాదు, సంఘముది కూడ.

1638లో బిషప్పులను తొలగించిన సంప్రదాయపు వారసులు, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లతో, మెథడిస్టులతో కలిసి బిషప్పులుగల దక్షిణ ఇండియా సంఘమును స్థాపించారు. మూడు శతాబ్దాల తరువాత అది సాధ్యమైంది. ఇతరులకు తీర్పు తీర్చిన వారిస్టన్ చివరి దినమున తన తప్పును తానే చదివి వినిపించాడు. ఆ పని కమిటీ గదిలోనే, సకాలములో చేయగల కృప మనకు కావాలి.