ఆరున్నర గుంటల నేల

గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అన్న పేరు ఊరికే రాలేదు. సంస్థానం నడిచిన రోజుల్లో కార్తీక, మాఘ మాసాలు వచ్చాయంటే కోటలో పండిత సభలు మొదలయ్యేవి. శాస్త్రాలు చదివినవాళ్లు వాదాలకు దిగేవారు, కవులు పద్యాలతో పోటీ పడేవారు, గెలిచినవాళ్లు సంభావనలు అందుకొని వెళ్లేవారు. తిరుపతి వేంకట కవులంతటివారు కోస్తా నుంచి ఇంత దూరం వచ్చి గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల్లో అవధానాలు చేశారు. వచ్చినవాళ్లకు బస, భోజనం, బహుమానం చూసే చెయ్యి ఒకటుండేది కాబట్టే వాళ్లు బండ్లు కట్టుకొని వచ్చారు.

టెన్నిస్ ఆటగాళ్లూ అలాగే వస్తారు. ఎక్కడ పోటీ పెడితే అక్కడికి వారం వారం దేశాలు దాటి వెళ్తారు. అలా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఊళ్లకు అందుబాటులోకి అంతర్జాతీయ టెన్నిస్ వచ్చింది. 2003లో హైదరాబాద్ ఫతే మైదాన్ టెన్నిస్ కాంప్లెక్స్‌లో మహిళల ప్రొఫెషనల్ టోర్నీ మొదలైంది. పేరు ఏపీ టూరిజం హైదరాబాద్ ఓపెన్. ఆడింది హార్డ్ కోర్టుల మీద. గద్వాల నుంచైతే సికింద్రాబాద్ రైలెక్కితే చాలు. వనపర్తివాళ్లు మదనాపురం దగ్గరున్న వనపర్తి రోడ్ స్టేషన్‌కు పోవాలి. నాగర్‌కర్నూలుకు రైలే లేదు, జడ్చర్ల మీదుగా బస్సే దిక్కు.

ఫతే మైదాన్‌కు పెద్ద చరిత్రే ఉంది. 1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సేనలు అక్కడ విడిది చేశాయి. కోట చిక్కాక ఆ నేలకు విజయ మైదానమన్న పేరు పడింది. నిజాంల కాలంలో అది పోలో మైదానం, 1967 నుంచి లాల్ బహదూర్ స్టేడియం. అక్కడికి కొద్ది దూరంలోని ఏసీ గార్డ్స్ బస్తీకి వనపర్తితో సంబంధం ఉంది. వనపర్తి రాజు ఆఫ్రికన్ అశ్వికదళాన్ని నిజాంకు అప్పగించాక, ‘ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్’ అన్న ఆ దళం పేరే కుదించుకుపోయి బస్తీ పేరయింది. పట్నంలో మన ఊళ్ల ఆనవాళ్లు ఇలా చాలాచోట్ల ఉన్నాయి, వెతికేవాళ్లే తక్కువ.

హైదరాబాద్ ఓపెన్ మూడేళ్లే జరిగింది. అప్పటి మహిళల టెన్నిస్‌లో అది నాలుగో శ్రేణి టోర్నీ, మొత్తం ప్రైజ్ మనీ 1,40,000 డాలర్లు. గ్రాండ్ స్లామ్‌లతో పోలిస్తే చిన్నదే. అయినా ఆ మూడేళ్ల విజేతల పేర్లు వరసగా చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. 2003లో గెలిచిన థాయిలాండ్ క్రీడాకారిణి తమరీన్ తనసుగార్న్‌కు అదే మొదటి డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్. 2004లో గెలిచిన ఆస్ట్రేలియా అమ్మాయి నికోల్ ప్రాట్‌కూ అదే మొదటిది. 2005లో హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జాకూ అదే మొదటిది. పెద్ద టోర్నీల్లో మొదటి రెండు రౌండ్లలోనే ఇంటిదారి పట్టేవాళ్లు చిన్న టోర్నీల్లో కప్పు ఎత్తుతారు, ర్యాంకు పెంచుకుంటారు, తర్వాత పెద్దవాటికి నేరుగా అర్హత సాధిస్తారు. చిన్న టోర్నీ విలువంతా అందులోనే ఉంది. దాన్ని పోగొట్టుకున్న ఊరికి ఆ నష్టం వెంటనే తెలియదు.

2005 ఫిబ్రవరి 12న సానియా ఉక్రెయిన్‌కు చెందిన అల్యోనా బొండారెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించింది. అప్పటికి ఆమెకు 18 ఏళ్లు. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. అంతకు ముందు ఏడాది అదే మైదానంలో లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ గెలిచింది. 2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండ్ దాకా వెళ్లి సెరెనా విలియమ్స్ చేతిలో ఓడింది. ఆ సెప్టెంబరులో యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్ చేరింది. సింగిల్స్‌లో ఆమె అత్యుత్తమ ర్యాంకు 27, డబుల్స్‌లో 2015 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్. ఇన్ని చేసినా ఆమె సింగిల్స్ టైటిల్ మాత్రం ఆ ఒక్కటే, అదీ సొంత ఊరి జనం ముందు.

2006లో టోర్నీ బెంగళూరుకు తరలిపోయింది. రెండేళ్లు తిరిగేసరికి అక్కడ రెండో శ్రేణికి ఎదిగింది, 2008లో సెరెనా విలియమ్సే వచ్చి గెలిచింది. హైదరాబాద్‌కు కోర్టులు మిగిలాయి, టోర్నీ మిగల్లేదు.

ఆడవాళ్లూ మగవాళ్లూ ఒకే చోట, ఒకే వారంలో ఆడే పోటీలు టెన్నిస్‌కు కొత్త కాదు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత టెన్నిస్ బృందంలో నోరా పోలీ అనే మహిళ ఉంది. హైదరాబాద్ రాజ్యానికి చెందిన సయ్యద్ మహమ్మద్ హాదీ కూడా అదే బృందంలో ఉన్నాడు. ఏడు ఆటలు ఆడేవాడని ఆయన్ను ‘రెయిన్‌బో హాదీ’ అనేవారు. రంజీ ట్రోఫీలో తొలి సెంచరీ కూడా ఆయనదే. ఆడవాళ్లకూ మగవాళ్లకూ సమాన ప్రైజ్ మనీ ఇవ్వడానికి మాత్రం చాలాకాలం పట్టింది. బిల్లీ జీన్ కింగ్ పట్టుబట్టాక 1973లో యూఎస్ ఓపెన్ ముందు ఇచ్చింది, వింబుల్డన్ 2007 దాకా ఆగింది. హైదరాబాద్‌లో 2003 అక్టోబరు చివర్లో జరిగిన ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో స్త్రీ పురుషులిద్దరికీ టెన్నిస్ పోటీలు పెట్టారు. సానియా నాలుగు స్వర్ణాలు గెలిచింది. మగవాళ్లలో తెలుగు నేల నుంచి విష్ణువర్ధన్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో లియాండర్ పేస్‌కు జోడీగా ఆడాడు. సాకేత్ మైనేని 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు.

వీళ్లంతా నగరాల్లో ఆట నేర్చినవాళ్లు. పల్లెలో ప్రతిభ లేకనా అంటే కాదు. టెన్నిస్ నేర్పే కోర్టు, కోచ్, తోటి ఆటగాళ్లు ఒకేచోట ఉండాలి. ఏడెనిమిదేళ్ల పిల్లకు అది రోజూ అందాలి. అయిజ నుంచో అచ్చంపేట నుంచో ఏ తల్లి, ఏ తండ్రి రోజూ పట్నం తీసుకుపోగలరు?

ఇలాంటి చిక్కునే చదువు విషయంలో ఒకాయన విప్పాడు. వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో 1869లో పుట్టిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి హైదరాబాద్ కొత్వాల్ దాకా ఎదిగాడు. పల్లె పిల్లలు పట్నంలో చదువుకోలేకపోవడానికి అసలు కారణం బడి కొరత కంటే బస కొరతేనని గ్రహించి, 1918లో రెడ్డి హాస్టల్ పెట్టించాడు. తర్వాత దాని బాధ్యతలు చూసినవాళ్లలో సురవరం ప్రతాపరెడ్డి ఉన్నారు. ఆయనదీ ఈ నేలే, గద్వాల జిల్లా బోరవెల్లిలో పుట్టి 1952లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు ఆయన వాదనతో కాక లెక్కతో జవాబు చెప్పారు. ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వేశారు. పల్లెల్లో టెన్నిస్ ఆడేవాళ్లు లేరనేవారికీ అలా లెక్క చూపాలంటే ముందు పిల్లల చేతికి రాకెట్ రావాలి, ఆడటానికి నేల కావాలి.

నేల విషయానికే వస్తే, టెన్నిస్ కోర్టు పొడవు 23.77 మీటర్లు, డబుల్స్‌కు వెడల్పు 10.97 మీటర్లు. గీతల వెనక, పక్కన పరుగెత్తే జాగా కలుపుకుంటే సుమారు 36.5 మీటర్ల పొడవు, 18 మీటర్లకు పైగా వెడల్పు కావాలి. గుంటల్లో చెప్పాలంటే దాదాపు ఆరున్నర. ఉదయం, సాయంత్రం ఎండ కళ్లలో పడకుండా కోర్టు పొడవును ఉత్తర దక్షిణాలుగా వేస్తారు.

హార్డ్ కోర్టు ఈ ఊళ్లున్న పాలమూరు వాతావరణానికి నప్పుతుంది. పచ్చిక కోర్టుకు, మట్టి కోర్టుకు ఎప్పుడూ నీళ్లు పెట్టాలి, రోలర్ తిప్పాలి. బోర్లు ఎండే ఊళ్లలో అది కుదిరే పని కాదు. హార్డ్ కోర్టుకు కావాల్సింది ఊడ్పు, కొన్నేళ్లకోసారి రంగు. కింద గట్టి కంకర, దానిమీద తారు గానీ కాంక్రీటు గానీ, పైన ఇసుక కలిపిన యాక్రిలిక్ రంగు. బంతి ఎంత జోరుగా దూసుకొస్తుందో ఆ ఇసుకను బట్టి ఉంటుంది. నీళ్లు నిలవకుండా కోర్టంతటికీ ఒకేవైపు చిన్న వాలు ఇస్తారు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ నేల కాలిపోతుంది కాబట్టి ఆటంతా పొద్దున, సాయంత్రమే సాగాలి.

కట్టేముందు మట్టిని చూసుకోవాలి. వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు ఎర్ర చెలకల్లో పునాది నిలుస్తుంది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో రేగడి నేలలు ఎక్కువ. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. పైన ఎంత ఖరీదైన రంగు వేసినా పగుళ్లు పడతాయి. ఆ మట్టిని లోతుగా తీసి మొరం నింపి, తడిపి దిమ్మిస చేశాకే పని మొదలుపెట్టాలి. ఈ తేడా తెలియని అంచనాలతో కోర్టు కడితే రెండు వానాకాలాలకే పాడవుతుంది.

అలాగని కోర్టు వచ్చేదాకా కూర్చోనక్కర్లేదు. సానియా చిన్నప్పుడు హైదరాబాద్‌లో ఆడింది పేడతో అలికిన కోర్టుల మీదేనని ఆమే పలుమార్లు చెప్పింది. వాకిలి అలకడం తెలియని ఇల్లు ఈ జిల్లాల్లో ఉండదు. పైగా పదేళ్లలోపు పిల్లలకు పెద్ద కోర్టు అవసరమే లేదు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి ఆ వయసు పోటీల్లో మామూలు పసుపు బంతిని వాడనివ్వడం లేదు. మొదట ఎర్ర బంతి, తర్వాత నారింజ, ఆపైన ఆకుపచ్చ బంతి. ఇవి మెత్తన, ఎగురుడు తక్కువ. ఎర్ర బంతి కోర్టు పొడవు సుమారు 11 మీటర్లు, నారింజ బంతి కోర్టుది సుమారు 18 మీటర్లు. పల్లె హైస్కూళ్లలో ఎక్కువగా కనిపించే వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. నారింజ కోర్టు అందులో సరిపోతుంది, ఎర్ర కోర్టైతే జాగా మిగులుతుంది. వాలీబాల్ నెట్ విప్పి, రెండు గుంజల మధ్య పిల్లల నడుము ఎత్తున తాడు కట్టి, సున్నంతో గీతలు గీస్తే ఆడపిల్లలూ మగపిల్లలూ సాయంత్రం బడి విడవగానే ఆట మొదలుపెట్టొచ్చు. దసరా సెలవుల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బడుల మధ్య పోటీ పెట్టడానికి ఇంతకన్నా ఏర్పాటు అక్కర్లేదు.