మంత్రసాని వెళ్ళిపోయాక

మంత్రసాని పనికి ఒప్పుకున్నాక బిడ్డొచ్చినా పట్టాలి, మరేదొచ్చినా పట్టాలని మన సామెత. నవ్వుకోడానికి వాడుతుంటాం. ఆ పట్టిన చేతులు చాలా ఊళ్ళలో చాకలి, మంగలి, మాదిగ స్త్రీలవి. నెత్తురూ, మాయా, మైలబట్టలూ వాళ్ళ వంతు. కూలి అంటే ఇన్ని గింజలూ, ఓ పాత చీరా. బ్రిటిష్ ఇండియాలో 1903లో లేడీ కర్జన్ పూనికతో విక్టోరియా స్మారక స్కాలర్‌షిప్ నిధి వచ్చినప్పటినుంచీ ప్రభుత్వాలకీ డాక్టర్లకీ మంత్రసాని అంటే సంస్కరించాల్సిన అజ్ఞానమే. ఆమె చేతుల్లో తల్లులు చనిపోలేదని నేననను. చనిపోయారు. కానీ ఆమె చేసిన ఇంకో పని ఏ రికార్డుకీ ఎక్కలేదు. నొప్పులు మొదలైనప్పట్నించి పక్కనే కూర్చునేది. తర్వాత స్నానాలు పోస్తూ బాలింత నిద్రపోతోందా, బిడ్డవైపు చూస్తోందా, ఊరికే ఏడుస్తోందా అని కనిపెట్టేది. తేడా వస్తే గాలి సోకిందనో, సన్ని కమ్మిందనో చెప్పేది. పెట్టిన పేరు ఏదైనా, ముందుగా గమనించేది ఆమే.

బాన్సువాడని తీసుకుందాం. 2016 అక్టోబరు దాకా నిజామాబాద్ జిల్లా, ఇప్పుడు కామారెడ్డి జిల్లా. నిజాంసాగర్ నీళ్ళ కింద వరి, ఆడవాళ్ళ చేతుల్లో బీడీలు, మగవాళ్ళకి గల్ఫ్. నెలలు నిండుతున్న మనిషి ఒళ్ళో చాట పెట్టుకుని గంటలకొద్దీ తలొంచుకుని బీడీలు చుడుతుంది. మొగుడు దుబాయిలో, ఏజెంటుకి కట్టిన అప్పు ఇక్కడ, తనేమో అత్తగారింట్లో. గర్భిణి కార్డులో రక్తం శాతం, బి.పి., బరువు రాస్తారు. ఇదంతా ఎక్కడ రాస్తారు?

2005లో జననీ సురక్షా యోజన వచ్చింది. కాన్పులు ఆసుపత్రికి మారాయి, గర్భిణిని వెంటబెట్టుకుని వెళ్ళే పని ఆశా కార్యకర్తది అయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే. తల్లుల ప్రాణాలు నిలిచాయి, అందులో వాదనేమీ లేదు. అయితే అదే సర్వేలో సిజేరియన్లు 60.7 శాతం! పక్కన కూర్చునే మనిషి పోయి, ఆమె చోట కత్తి వచ్చింది.

అప్పుడు మంత్రసాని మరో వేషంలో తిరిగొచ్చింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకి 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. మరుసటేడు కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. ఓపిగ్గా కనిపెట్టుకుని ఉండడం, తిరగనివ్వడం, నచ్చినట్టు కూర్చోనివ్వడం, మాట్లాడడం ఈ చదువులో పాఠాలు. చాకలి ముసలమ్మకి ఇవన్నీ తెలిసినవేనని ఎవరైనా ఆ తరగతిలో చెప్పారో లేదో!

బాన్సువాడ మాతా శిశు ఆసుపత్రికి 2022లో తల్లిపాలను ప్రోత్సహించే ఆసుపత్రిగా జాతీయ గుర్తింపు వచ్చింది. చిన్న సంగతి కాదు. పుట్టిన గంటలో బిడ్డని రొమ్ముకి చేర్చాలంటే తల్లి పక్కన ఒక మనిషి కూర్చోవాలి. పాలు పడట్లేదని ఏడ్చే తల్లిలో కుంగుబాటు మొదట కంటబడేదీ అక్కడే. ఆ మనిషికి ఆ చూపు కూడా నేర్పితే? 1987లో ఎడిన్‌బరోలో తయారైన పది ప్రశ్నల పట్టిక ఇందుకే ఉంది. బెంగుళూరు నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లినీ బిడ్డనీ కలిపి ఉంచి చికిత్స చేసే వార్డుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మూడేళ్ళలోపు బిడ్డని తల్లినించి మామూలుగా వేరుచెయ్యకూడదంటుంది. అంత దూరం పోగలిగిన బీడీ కార్మికురాలు ఎవరు?

14416కి ఫోన్ చెయ్యమంటారు. 2022 అక్టోబరులో వచ్చిన టెలి మానస్ నంబరది. మంచిదే. దుబాయి ఫోన్ కూడా అత్త చేతికే వచ్చే ఇంట్లో ఆమె ఎక్కణ్ణించి చేస్తుంది? అత్త పక్కనుండగా అడిగితే "నాకేమైంది, మంచిగనే ఉన్న" అంటుంది. కాసేపు అత్తని బయట కూర్చోమనగల అధికారం ఆ వార్డులో మిడ్‌వైఫ్‌కే ఉంది. ఆమె డ్యూటీలో ఆ పది ప్రశ్నలూ చేర్చాలి, అడగడానికి సమయం ఇవ్వాలి, ఆ పనికి కూడా జీతం కట్టాలి.