కాసిపేట: పల్లె పచ్చదనం, పంచాయతీ బాధ్యత

మంచిర్యాల జిల్లాలోని మండల కేంద్రం కాసిపేట. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడేదాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. నేల కింద సింగరేణి బొగ్గు, మండలంలోని దేవాపూర్‌లో సిమెంటు కర్మాగారం, చుట్టుపక్కల టేకు అడవులు. ఇలాంటి చోట చెట్టు విలువ వేరే చెప్పనక్కర్లేదు.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం (2018) మొక్కల బాధ్యతను నేరుగా పంచాయతీకే అప్పగించింది. ఊరికో నర్సరీ ఉండాలి, బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. చట్టానికి అసలు బలం ఈ చివరి షరతే. గుంత తీసి మొక్క పెట్టడం ఒక్క పూట పని. మే నెల ఎండల్లో దాన్ని నిలబెట్టడమే కష్టం.

నర్సరీలో ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నల్ల సంచుల్లో నింపి విత్తనాలు వేస్తారు. చాలాచోట్ల ఈ పని ఉపాధి హామీ కూలీలదే. వానలు పడ్డాక మొక్క రోడ్డు పక్కకు చేరుతుంది, మేకలు కొరకకుండా చుట్టూ ముళ్లకంప కడతారు. వేసవిలో పంచాయతీ ట్రాక్టరు ట్యాంకరుతో నీళ్లు పోస్తుంది.

ఎన్ని నాటారు, ఎన్ని బతికాయి? గ్రామసభలో ఈ లెక్క అడిగే హక్కు ప్రతి ఓటరుకూ ఉంది.