ఉప్పునీటి ఒడ్డు నుంచి ఒండ్రుమట్టి దాకా

ఇంకా ఆరు కాలేదు. అప్పుడే చొక్కా వీపుకి అంటుకుపోయింది. జులై నెల, వెరాక్రూస్ రేవు. ఓ పాత కాఫీ హోటల్లో కూర్చున్నారు మీరు. ముందు పొడవాటి గాజు గ్లాసు, అడుగున రెండు వేళ్ల మందాన నల్లటి డికాషన్. పాలేవని ఎవరినీ పిలవక్కర్లేదు. చెంచా తీసి గ్లాసు అంచు మీద టింగు టింగుమని కొట్టండి. అటు మూల బల్ల దగ్గరా అదే చప్పుడు, ఇటు పక్కనా అదే. పెద్ద కెటిల్ పట్టుకున్న మనిషి వచ్చి, మూరెడు ఎత్తు నుంచి వేడి పాలు సన్నటి ధారగా వదులుతాడు. నురగ అంచు దాకా లేచి ఆగుతుంది. బల్ల మీద చుక్క పడదు. ఈ పాల కాఫీని ఇక్కడ లెచెరో అంటారు.

బయట గాలి ఉప్పగా, డీజిల్ వాసనతో ఉంది. క్రేన్ల అవతల నీళ్లలో నల్లబడ్డ కోట: సాన్ హువాన్ దె ఉలువా. పగడపు దిబ్బల రాయి కోసి కట్టారు దాన్ని. గోడ దగ్గరికెళ్లి చెయ్యి పెడితే రాయి నిండా చిల్లులు తగులుతాయి. 1519లో స్పెయిన్ దండు నాయకుడు కోర్తెస్ ఓడలు ఈ ఒడ్డునే ఆగాయి. చిట్టచివరి స్పెయిన్ సైనికులు ఈ కోట వదిలి వెళ్లింది 1825లో. ఈ మధ్య మూడు వందల ఏళ్లూ మెక్సికో వెండి ఈ రేవు గుండానే దాటిపోయింది.

ఇప్పుడు వెనక్కి తిరిగి పడమర చూడండి. మబ్బు కమ్మకముందే చూడాలి. ఊరి కప్పుల మీద, చాలా దూరంలో, ఆకాశానికి అతికించినట్టు ఓ తెల్లటి మొన. ఒరిసాబా శిఖరం. 5,600 మీటర్లు దాటిన అగ్నిపర్వతం, మెక్సికోలో దీన్ని మించిన ఎత్తు లేదు. తెరచాప ఓడల రోజుల్లో నావికులకు నేల కంటే ముందు కనిపించింది ఇదే. మీ కాళ్ల దగ్గర అల, కళ్ల ముందు మంచు. ఈ రెంటి మధ్యా ఉన్న దారినే మీరు ఎక్కబోతున్నారు.

ఎక్కడం అని కావాలనే అంటున్నాను. మెక్సికో వైశాల్యం 19.6 లక్షల చదరపు కిలోమీటర్లు, రాజధానితో కలిపి రాష్ట్రాలు 32. ఉత్తరాన సొనోరా ఎడారి. ఆగ్నేయాన యుకతాన్ సున్నపురాయి నేల. అక్కడ వాన నీరంతా లోపలికి దిగిపోతుంది, నేల మీద నది కనిపించడమే అరుదు. లోపలి గుహల కప్పు కూలిన చోట మాత్రం నీలం నీటి గుండాలు బయటపడతాయి, వాటి పేరు సెనోతే. తూర్పున ఒక సియెర్రా మాద్రె, పడమర ఇంకో సియెర్రా మాద్రె, నడుమ ఎత్తైన పీఠభూమి, దాని నడుముకి వడ్డాణంలా అగ్నిపర్వతాల వరస. ఇన్నీ మ్యాపులో దొరుకుతాయి. కానీ ఈ దేశం ఎలాంటిదో శరీరానికి తెలియాలంటే సముద్రం నుంచి పైకి వెళ్లాలి. ఇక్కడి జనం నేలకు పేర్లు పెట్టింది కూడా ఎత్తును బట్టే: కింద తియెర్రా కలియెంతే, వేడి నేల, నడుమ తియెర్రా తెంప్లాదా, సమశీతల నేల, పైన తియెర్రా ఫ్రియా, చలి నేల.

ఏడింటికి బస్సు కదిలింది. మొదటి గంటంతా చెరకు. మామిడి తోటలు, అరటి, కొబ్బరి. కళ్లు సగం మూసుకుంటే కోస్తా జిల్లాల్లో పోతున్నట్టే ఉంటుంది. ఇక్కడికి వంద కిలోమీటర్ల లోపు, ఉత్తరంగా కొండ మీద హలాపా అనే ఊరుంది. హలపేన్యో మిరపకాయ పేరు ఆ ఊరిదే. మిరప పుట్టిల్లు ఈ దేశం. పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి రాకముందు గుంటూరు మిర్చి లేదు, ఆవకాయలో ఎర్ర కారం లేదు. మనింటి కారం డబ్బా మొదలైన నేల మీదుగా వెళ్తున్నామన్న మాట ఒక్కసారి మనసులో అనుకోండి, కిటికీ బయటి పచ్చదనం ఇంకోలా కనిపిస్తుంది.

కొర్దొబా దగ్గర చెరకు పలచబడి, నీడ చెట్ల కింద కాఫీ మొక్కలు మొదలయ్యాయి. మెడ మీది చెమట ఎప్పుడు ఆరిందో మీకు తెలియలేదు. ఒరిసాబా ఊరు వచ్చేసరికి సన్నటి తుంపర. అద్దం మీద నీటి బొట్లు ఏటవాలుగా జారుతున్నాయి. గల్ఫ్ మీది తడి గాలి ఈ కొండల్ని గుద్దుకుని పైకి లేచి, చల్లబడి, తన బరువంతా ఇక్కడే దించుకుంటుంది. అందుకే ఈ వాలున ఏ గోడ చూసినా నాచు, ఏ కొమ్మ చూసినా ఆర్కిడ్ మొక్కలు.

అసలు ఎక్కుడు ఇక్కడి నుంచి. మల్త్రాతా ఘాటు. బస్సు గేరు మార్చింది, ఇంజను గొంతు మారింది. లారీలు తోపుడు బండ్ల కంటే నెమ్మదిగా, ఒకదాని వెనక ఒకటి. ఎదురుగా దిగేవాటి కోసం రోడ్డు పక్కన గులకరాళ్లు పోసిన ఎదురు వాలులు ఉన్నాయి, బ్రేకులు పోయిన లారీ అందులోకి దూరి కూరుకుపోయి ఆగడానికి. చెవులు మూసుకుపోయాయి, గుటక వేయండి. అంతలో పొగమంచు వచ్చి కిటికీని పాలగుడ్డతో కప్పేసినట్టు చేసింది. ముందు లారీ ఎర్ర దీపాలు తప్ప లోకం లేదు. బస్సులో మాటలు ఆగాయి. మెక్సికో నగరానికీ వెరాక్రూస్‌కీ మధ్య రైలు 1873లో మొదలైంది, అదీ ఈ కొండలతోనే తలపడి. తాపీ పనివాళ్లూ పేలుళ్ల పనివాళ్లూ ఈ మంచులో ఎన్ని ఏళ్లు నిలబడి ఉంటారో ఈ అరగంటలో మీకు అర్థమవుతుంది.

ఆఖరి మలుపు. మంచు తెర తెగినట్టు తెగింది. ఎండ!

కానీ ఇది కింద వదిలొచ్చిన ఎండ కాదు. పలచని, గుచ్చుకునే ఎండ. గాలిలో తడి లేదు, పెదాలు అప్పుడే పొడిబారుతున్నాయి. నేల బూడిద రంగుకి తిరిగింది. వాన మేఘాలన్నీ అటు వాలునే ఖాళీ అయిపోతే ఈ పీఠభూమికి మిగిలేది తక్కువ. మొక్కజొన్న చేలు, గట్ల వెంట నాగజెముడు, దాని పక్కన మనిషెత్తు కిత్తనార. మన రైలు కట్టల పక్కన కంచెగా పెరిగే కిత్తనార పూర్వీకులది ఈ ఊరే. ఇక్కడ దాన్ని మగేయ్ అంటారు, దాంతో కల్లు తీస్తారు. పదేళ్ల అటూ ఇటుగా పెంచి, పూలకాడ లేవబోయే ముందు నడి గుండెను తొలిచి గిన్నెలా చేస్తారు. పొద్దునా సాయంత్రం అందులో తీయటి నీరు ఊరుతుంది. పొడవాటి సొరబుర్ర అందులో పెట్టి, రెండో చివర నుంచి నోటితో పీల్చి నింపుతారు. పులిస్తే తెల్లటి పుల్కే. కొన్ని నెలలు ఊరి, చెట్టు ఎండిపోతుంది. మోకు లేదు, ముస్తాదు లేదు, కానీ సొరబుర్ర పట్టుకున్న ఆ చేతుల్లో మన గీత కార్మికుడి చేతులు కనిపించి తీరతాయి.

వెనక్కి తిరగండి. పొద్దున రేవు నుంచి చూసిన శిఖరం ఇప్పుడు కుడి భుజం వెనక, తలెత్తితే తప్ప కొస కనపడనంత దగ్గర్లో. నవాత్ల్ భాషలో దాని పేరు సిత్లాల్తెపెత్ల్, నక్షత్ర పర్వతం. పైనున్న హిమానీనదం ఏటికేడు కుంచించుకుపోతోంది. తెలుపు కింద నల్లటి రాయి ఎక్కువగా కనిపిస్తోంది.

రాత్రి చోలులాలో. తెల్లారి లేచి ఊళ్లో నడిస్తే, ఇళ్ల మధ్య గడ్డి మొలిచిన ఓ గుట్ట, దాని నెత్తిన పసుప్పచ్చ చర్చి. గుట్ట కాదది. పునాది ఒక్కో పక్క 400 మీటర్లున్న పిరమిడ్, ఘనపరిమాణంలో ప్రపంచంలోనే పెద్దది. 1931 నుంచి పురావస్తు శాఖ వాళ్లు దాని కడుపులో దాదాపు 8 కిలోమీటర్ల సొరంగాలు తవ్వారు. చర్చి మెట్ల మీద నిలబడి పడమర చూస్తే రెండు కొండలు: వెల్లకిలా పడుకున్న ఆడమనిషిలా ఇస్తాక్సివాత్ల్, పక్కనే పొగ వదులుతూ పొపొకాతెపెత్ల్. 1994 డిసెంబరులో నిద్ర లేచిన కొండ అది, మళ్లీ పూర్తిగా పడుకోలేదు. చుట్టుపక్కల రైతులు దాన్ని దోన్ గోయో అని పెద్దాయన్ని పిలిచినట్టు పిలుస్తారు. బూడిద రాలిన మర్నాడు పొద్దున్నే ఆకుకూరలు దులుపుకుని మార్కెట్‌కి తెస్తారు.

ఆ కొండల పక్క నుంచి, పైన్ చెట్ల మధ్య, మూడు వేల మీటర్లు దాటి బస్సు అవతలికి దిగింది. ఎదుట 2,240 మీటర్ల ఎత్తున ఓ పళ్లెం. చుట్టూ కొండలు, నడుమ అంచు కనపడని మెక్సికో నగరం. శివార్లతో కలిపి రెండు కోట్లకు పైగా జనం.

ఈ పళ్లేనికి నీరు పోయే దారి లేదు. అందుకే ఒకప్పుడు ఇక్కడ ఐదు చెరువులుండేవి. నడుమ తెష్కోకో, ఉప్పునీరు. దక్షిణాన సోచిమిల్కో, చాల్కో, ఊటల మంచినీరు. 1325లో మెషికా ప్రజలు తెష్కోకో లోని దీవి మీద తెనోచ్తిత్లాన్ కట్టుకున్నారు. 1521 ఆగస్టులో అది కూలింది. స్పెయిన్ వాళ్లు ఆ రాళ్లతోనే, ఆ చోటే తమ ఊరు కట్టారు గానీ నీళ్లతో బతకడం వాళ్లకు చేతకాలేదు. 1629లో వచ్చిన వరద ఐదేళ్లు ఊరిని వదల్లేదు. కొండ తొలిచి నీటిని బయటికి పంపే పని అంతకు ముందే, 1607లో మొదలైంది. పెద్ద కాలువ పూర్తయింది 1900లో. మూడు వందల ఏళ్లు పట్టుబట్టి ఓ చెరువును చంపారు. దీనికి ఇంతకంటే మెత్తటి మాట నాకు దొరకడం లేదు.

చెరువు పోయింది గానీ దాని బురద పోలేదు. సోకలో మైదానంలో ప్రధాన చర్చిలోకి అడుగు పెట్టండి. నేల ఓ పక్కకు వాలినట్టు కాళ్లకు తెలుస్తుంది. పైకప్పు నుంచి వేలాడే తూకపు గుండు, ఈ కట్టడం ఎటెంత ఒరిగిందో చూపిస్తుంది. ఊరి దాహం తీర్చడానికి భూగర్భ జలం తోడేకొద్దీ బంకమట్టి అణిగిపోతోంది. కొన్ని పేటలు ఏడాదికి 40 సెంటీమీటర్లకు పైగా దిగుతున్నాయి. 1910లో కట్టిన స్వాతంత్ర్య దేవత స్తంభం మాత్రం లోతైన పునాది వల్ల కదల్లేదు. చుట్టూ రోడ్డు కుంగిపోతే కిందికి 14 మెట్లు కొత్తగా చేర్చాల్సి వచ్చింది. ఆ మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కండి, ఊరెంత కుంగిందో మోకాళ్లు చెబుతాయి. 1985 సెప్టెంబరు 19న భూకంపం పుట్టింది 350 కిలోమీటర్లకు పైగా అవతల, పసిఫిక్ తీరాన. ఈ మెత్తటి అడుగు మట్టి జున్నులా ఊగి వేలమందిని పొట్టన పెట్టుకుంది.

మిగిలిన కాస్త చెరువును చూడటానికి దక్షిణంగా, సోచిమిల్కోకి వెళ్లాలి. రంగురంగుల పడవలూ పాటలూ ఉన్న రేవును దాటించమని పడవతనికి చెప్పండి. అరగంట గెడ వేసి తోస్తే చప్పుడు సద్దుమణుగుతుంది. రెండు పక్కలా నిటారుగా సన్నటి అవెహోతే చెట్లు. వాటి వేళ్లే గట్టును పట్టి ఉంచుతాయి. వాటి వెనక చినాంపాలు. గోదావరి లంకలు తెలిసినవాళ్లకు ఒక్క మాటలో చెప్పొచ్చు: మనుషులు చేసుకున్న లంకలు. చెరువు అడుగు బురదా, నాచూ పొరలు పొరలుగా పోసి కట్టిన పొడవాటి మళ్లు, చుట్టూ కాలువ. బయటి నుంచి నీరు పెట్టకుండానే ఏడాదికి మూడు నాలుగు పంటలు.

ఊటల్ని నగరం గొట్టాల్లో పట్టుకుపోయి వందేళ్లు దాటింది. ఇప్పుడీ కాలువల్లోకి వచ్చేది శుద్ధి చేసిన మురుగు. అహోలోతే అనే చిన్న జీవి, తెగిన కాలును తిరిగి మొలిపించుకోగలిగేది, సహజంగా బతికేది ఈ నీళ్లలోనే. 1998లో చదరపు కిలోమీటరుకు ఆరు వేలు లెక్కకొచ్చాయి, 2014లో 36. తెచ్చి వదిలిన తిలాపియా, కార్ప్ చేపలు వాటి గుడ్లు తినేశాయి. కొందరు రైతులు విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి తమ మడి పక్క చిన్న కాలువలకు వడపోత కట్టి, ఆ చేపలు రాకుండా అడ్డం పెట్టి, అహోలోతేలకు చోటు మిగులుస్తున్నారు.

పడవ ఓ గట్టుకి ఆనింది. మడి మీద నడివయసు మనిషి మోకాళ్ల మీద కూర్చున్నాడు. కాలువ అడుగు నుంచి తోడిన నల్లటి బురదను అరచేతి మందాన పరిచాడు. నీరు ఇంకి కాస్త గట్టిపడ్డాక కత్తితో నిలువుగా, అడ్డంగా గీశాడు, బర్ఫీ ముక్కలు కోసినట్టు. ఇదే అతని నారుమడి. ఒక్కో ముక్క నడుమ వేలితో గుంట చేస్తూ పోతున్నాడు. ఆ పక్కన డబ్బాలో తోకలున్న సన్నటి, నల్లటి విత్తనాలు. దగ్గరగా వంగి చూస్తే మీకు పేరు చెప్పక్కర్లేదు. బంతి విత్తనాలు. మన గుమ్మాలకు కట్టే బంతి కూడా ఇక్కడి మొక్కే. జులైలో నాటితే అక్టోబరు ఆఖరుకి పూస్తుంది, నవంబరు మొదట్లో చనిపోయినవాళ్లు ఇళ్లకు వచ్చే రోజుల కోసం.

కొండల మీద మబ్బు కమ్మింది, మధ్యాహ్నపు వాన రాబోతోంది. అతను తల ఎత్తి చూసి, డబ్బా మీ వైపు జరిపాడు. బురద చల్లగా, మెత్తగా ఉంది. వేలు పెట్టండి.