సింథటిక్ బయాలజీ

కావలసిన పని చేసేలా జన్యువులను ముందుగా రూపొందించుకుని, వాటి డీఎన్‌ఏను రసాయనికంగా తయారుచేసి, కణంలో పెట్టి పనిచేయించే శాస్త్రం సింథటిక్ బయాలజీ. ఇది జన్యు ఇంజనీరింగ్‌కు కొనసాగింపే. ఎక్కడ అది ముగిసి ఇది మొదలవుతుందో శాస్త్రజ్ఞులకే ఏకాభిప్రాయం లేదు.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు స్టెఫాన్ లెడ్యూక్ 1912లోనే ఈ పేరుతో పుస్తకం రాశారు గానీ, నేటి శాస్త్రానికి పునాది హరగోబింద్ ఖొరానాది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం 1970లో ఈస్ట్‌కు చెందిన 77 బేస్ జతల జన్యువును ప్రయోగశాలలో నిర్మించింది.

2000 జనవరిలో ‘నేచర్’ పత్రిక ఒకే సంచికలో రెండు ప్రయోగాలను ప్రచురించింది. బోస్టన్ బృందం ఒకదాన్నొకటి అణచివేసే రెండు జన్యువులతో స్విచ్ తయారుచేసింది. ప్రిన్స్‌టన్‌లో మైకేల్ ఎలోవిట్జ్, స్టానిస్లాస్ లైబ్లర్ మూడు జన్యువులను వలయంలా కూర్చారు. మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది తిరిగి మొదటిదాన్ని అణచివేస్తుంది. దాంతో ఈ. కోలి బ్యాక్టీరియా ఆగి ఆగి ఆకుపచ్చగా వెలిగింది. అయితే ఏ కణం లయ దానిదే. చాలా కణాల్లో లయే కనబడలేదు. కణం ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌లా చెప్పినట్టు వినదని మొదట్లోనే తేలిపోయింది.

ఉపయోగాల్లో ఎక్కువగా చెప్పుకునేది మలేరియా మందు ఆర్టిమిసినిన్. దీన్ని ఆర్టిమీసియా మొక్క నుంచి తీస్తారు. పంటను బట్టి ధర విపరీతంగా మారేది. బర్కిలీలో జే కీస్లింగ్ బృందం మొక్క జన్యువులను ఈస్ట్‌లో చేర్చి, 2006లో ఆర్టిమిసినిన్‌గా మార్చదగ్గ ఆర్టిమిసినిక్ ఆమ్లాన్ని రాబట్టింది. తర్వాత దిగుబడి లీటరుకు 25 గ్రాములకు చేరింది. సనోఫీ కంపెనీ 2013లో ఇటలీలోని గరెస్సియోలో ఉత్పత్తి మొదలుపెట్టింది. తీరా చూస్తే పంట ఆర్టిమిసినిన్ కిలో 250 డాలర్ల లోపుకు పడిపోయింది, ఫ్యాక్టరీ సరుకు 350కి తగ్గలేదు. 2016లో సనోఫీ ఆ ఫ్యాక్టరీని అమ్మేసింది. ప్రయోగశాలలో నెగ్గిన పద్ధతి బజారులో రైతు చేతిలో ఓడింది.

2010లో క్రెయిగ్ వెంటర్ బృందం ఒక మైకోప్లాస్మా బ్యాక్టీరియా జన్యురాశిని, పది లక్షలకు పైగా బేస్ జతలను, పూర్తిగా తయారుచేసి మరో జాతి కణంలో పెట్టింది. ఒక కీలక జన్యువులో ఒక్క బేస్ తప్పిపోయినందుకు పని వారాల తరబడి ఆగింది. 2016లో అదే బృందం 473 జన్యువులతోనే బతికే కణాన్ని రూపొందించింది. వాటిలో 149 ఏం చేస్తాయో దాన్ని తయారుచేసినవాళ్లకే అప్పటికి తెలియదు.

ఈ శాస్త్రం దుర్వినియోగమవుతుందన్న భయాలకూ ఆధారం లేకపోలేదు. 2002లో ఎకార్డ్ విమ్మర్ బృందం విడిగా తెప్పించుకున్న డీఎన్‌ఏ ముక్కలతో పోలియో వైరస్‌ను తయారుచేసి చూపింది. ఆ తర్వాతి ఏళ్లలో డీఎన్‌ఏ అమ్మే పెద్ద కంపెనీలు ప్రతి ఆర్డరునూ ప్రమాదకర సూక్ష్మజీవుల జన్యుక్రమాలతో పోల్చి చూడడం మొదలుపెట్టాయి. చాలా దేశాల్లో ఇది చట్టం కాదు, కంపెనీలు తమకు తాము పెట్టుకున్న నియమం.